రోజుబిళ్ళ

నమోదు 1
సముద్రం: మెత్తగా ఉంది. నీళ్ళు: పూర్తి కోటా.

తెప్పలూరులో ఏం రాసినా ముందు సముద్రం ఎలా ఉందో, తరవాత మంచినీళ్ళు ఎంత ఉన్నాయో రాయాలి. పెళ్ళి శుభలేఖకైనా ఇదే నియమం. రాశాను. ఇక నా గోల.

నా పేరు మరియరత్నం. నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. తీరం మునగక ముందు నేల మీద చెప్పాను, మునిగాక ఈ తెప్పల మీద చెప్పాను. ఇప్పుడు ఏడో తెప్ప ఆసుపత్రిలో కాలికి కట్టుతో పడుకుని, నా దగ్గర చదువుకున్న పిల్లలు నా కింద దుప్పటి ఎలా మారుస్తున్నారో చూస్తూ లోలోపల మార్కులు వేస్తున్నాను. ఇంతవరకు ఎవరూ ఫస్టు క్లాసు తెచ్చుకోలేదు. కాలు ఎలా విరిగిందంటే, ఆరేసిన వంజరం చేప, ఒక పిల్లి, ఒక నిచ్చెన. నిచ్చెన ఎక్కింది పిల్లి కాదు.

పొద్దున్న తెప్ప కమిటీ కార్యదర్శి వచ్చాడు. పరామర్శకనుకున్నాను.

"మేడమ్, మీరు ఎలాగూ ఖాళీగానే ఉన్నారు కదా," అన్నాడు. ఆ 'ఖాళీగా' అన్న ముక్క గుర్తుపెట్టుకున్నాను. "చిన్న సాయం. మందులన్నీ ఇప్పుడు అచ్చుమరే చేసుకుంటోంది. కింద అంతస్తులో కూర్చున్న ఫార్మసిస్టు ఇంకా అవసరమా అని కమిటీలో మాటొచ్చింది. వచ్చే సరుకు ఓడకి ఆయన్ని వేరే తెప్పకి పంపేయొచ్చు. రోజూ ఆయనతో పని ఉండేది నర్సులకే కాబట్టి వాళ్ళ అభిప్రాయం కావాలి. మీరు అడిగి రాసిపెట్టండి."

చేతిలో ఒక కాగితం పెట్టాడు. దాని మీద రెండే గడులు. అవసరం. అనవసరం.

"మూడో గడి లేదేం?" అన్నాను.

"మూడోది ఏముంటుంది మేడమ్?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

నమోదు 2
సముద్రం: మెత్తగానే. నీళ్ళు: ముప్పావు కోటా. మంచినీటి మర ఏదో మూలుగుతోందట.

ఇక్కడ పొద్దున్న గంట మోగితే మందులొచ్చాయని అర్థం. గోడలో ఒక కన్నం ఉంది. అందులో గిలక మీద ఒక బుట్ట కింద నుంచి పైకి వస్తుంది. బుట్టలో మనిషికొక్క బిళ్ళ, పేరు రాసిన పొట్లంలో. మనిషికి పది జబ్బులున్నా బిళ్ళ ఒక్కటే, రోజుకి ఒక్కసారే. అందుకే దాన్ని అందరూ రోజుబిళ్ళ అంటారు. సాయంత్రం అయ్యేసరికి చేతికి కట్టిన పట్టీ మన నాడి, రక్తపోటు చదివి కిందికి పంపుతుంది. దాన్ని బట్టి మర్నాటి బిళ్ళని అచ్చుమర తయారు చేస్తుంది. పగలు చదవదు. కరెంటు ఆదా.

నేను రిటైరైన తరవాత వచ్చిన వింత ఇది. మా రోజుల్లో ట్రాలీ నిండా మందులు పెట్టుకుని ఎనిమిదింటికో విడత, మధ్యాహ్నం ఒకటి, రాత్రికొకటి పంచేవాళ్ళం. ఇప్పుడు ఈ నర్సు పిల్లలు ఒక్కసారి పంచితే రోజు గడిచిపోతుంది. ఆ మిగిలిన సమయంలో సుఖపడుతున్నారా అంటే అదీ లేదు, ఒక్కొక్కరి మీద ఇద్దరి పని పెట్టారు.

ఫార్మసిస్టు పేరు గుణశేఖర్ అట. వార్డులో ఆ పేరు ఎవరూ వాడరు. తాళంకప్ప అంటారు.

"ఎందుకే ఆ పేరు?" అని హెడ్ సిస్టర్ దమయంతిని అడిగాను. ఇది నా స్టూడెంటే. అప్పట్లోనే పరీక్షలో ప్రశ్నకి ఎదురు ప్రశ్న రాసేది.

"మరేమనమంటారండీ? మొన్న ఒక బిళ్ళ చెయ్యి జారి కిందపడింది. ఇంకోటి పంపమని గొట్టంలో అడిగాను. పడినదాన్ని వెనక్కి పంపమన్నాడు! నేను అమ్ముకుంటానా దాన్ని? దొంగని పట్టుకున్నట్టు ఆ గొంతూ అతనూ."

గొట్టం అంటే కన్నం పక్కనే ఉన్న మాట్లాడే గొట్టం. కింద ఆయన నోరు, పైన వీళ్ళ చెవి.

"నేను ఆయన్ని చూడనే లేదు అమ్మమ్మా," అంది కెజియా. ఇది నా మనవరాలు, కొత్తగా చేరిన నర్సు. నా ముక్కు వచ్చింది, నాలిక రాలేదు. దేవుడి దయ. "గొట్టంలో గొంతు వింటే మాత్రం సన్నగా, కళ్ళజోడుతో ఉంటాడనిపిస్తుంది."

న్యాయంగా నా అభిప్రాయం కూడా రాయాలి. మా రోజుల్లో ఫార్మసిస్టు అంటే ఒక కిటికీ. కిటికీలో ఒక చెయ్యి. ఆ చెయ్యి ఎప్పుడూ 'స్టాకు లేదు' అన్నట్టే ఊగేది. ఆ చేతికి పైన మనిషి ఉంటాడని తెలుసు గానీ ఎన్నడూ తొంగి చూడలేదు. ఇప్పుడు కిటికీ పోయి గొట్టం వచ్చింది. అభివృద్ధి.

నమోదు 3
సముద్రం: ఎగుడుదిగుడు. నీళ్ళు: సగం కోటా.

చుట్టూ చూపు ఆనినంత దూరం నీళ్ళే, తాగడానికి మాత్రం సగం గ్లాసు.

పక్క మంచం అప్పలనర్సమ్మతో నాకు జత బాగా కుదిరింది. మంచాలు చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ఆవిడ వయసంతా పడవ మీదే గడిపింది. గుండె జబ్బుతో చేరింది. మాటకి మాట అప్పజెప్పే మనిషి దొరక్క నేను ఎన్నాళ్ళనుంచో మొహం వాచి ఉన్నాను.

"ఏటమ్మా, సదూకున్నోళ్ళకి కాలు ఇరిగితే ఇలగే మూలుగుతారేటి?" అని మొదటి రోజే పలకరించింది.

"చదువుకున్నవాళ్ళు వ్యాకరణంతో మూలుగుతారు," అన్నాను. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. దగ్గితే గుండె పట్టుకుంటుందని కెజియా ఇద్దర్నీ కోప్పడింది.

సమస్యల్లా ఈవిడ బిళ్ళతోనే. నాది కందిగింజంత, నోట్లో వేసుకుంటే జారిపోతుంది. ఆవిడది చింతగింజంత. పూర్తి కోటా ఉన్నప్పుడు గ్లాసు నీళ్ళతో ఎలాగో దిగేది. ఇప్పుడు ఉన్న సగం గ్లాసూ బిళ్ళ సగం దారి దిగేసరికే అయిపోయింది, అది గొంతులో అడ్డం పడి కళ్ళు తేలేసింది. కెజియా వీపు చరిచి కక్కించింది.

దమయంతి దారి చూపించింది. సామాన్ల గదిలోంచి పాత కల్వం ఒకటి తెచ్చింది. బిళ్ళని అందులో వేసి మెత్తగా నూరి, రెండు చెంచాల చోడి అంబలిలో కలిపి పట్టించింది. నర్సమ్మ చప్పరించి తాగింది.

"ఓలమ్మ, ఇదేటో బాగుందే. కాస్తంత ఉప్పు తగిల్తే ఇంకా బాగుంతాది," అంది.

నూరడానికి ఓపిక కావాలి. కెజియాకి ఉంది. బిళ్ళ పలుకు మిగలకుండా నూరుతుంది, అంబలి చల్లార్చి పడుతుంది, మూతి తుడుస్తుంది. ఈ ఒక్క పనికి ఫస్టు క్లాసు వేశాను. ఇంకో ఇద్దరు మింగలేనివాళ్ళకి కూడా అలాగే నూరుతోంది.

నమోదు 4
సముద్రం: నిన్నటికంటే పొగరు. నీళ్ళు: సగం.

అభిప్రాయ సేకరణ సాగుతోంది. ఇంతవరకు అడిగిన నర్సులందరూ 'అనవసరం' గడికే. ఒక పిల్ల మాత్రం, "పండక్కి ఆయన గొట్టంలో శుభాకాంక్షలు చెప్తారు మేడమ్, అది పోతుంది," అంది. దానికి గడి లేదు.

ఇవాళ నర్సమ్మ పొద్దుటి అంబలి అయ్యాక మాట మధ్యలో ఆపేసి నిద్రపోయింది. నేను ఒక మంచి కథ మధ్యలో ఉన్నాను. నా కథల్లో నిద్రపోయిన వాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళంతా స్టూడెంట్లు. మధ్యాహ్నం లేచింది, తల తిరుగుతోందంది. సాయంత్రానికి మొహం ఎర్రబడి, గుండె దడదడలాడుతోందని గోల పెట్టింది.

"వాన కమ్ముకొచ్చింది కదండీ, ఉక్క. అందరికీ అలాగే ఉంది," అంది దమయంతి.

కావచ్చు. నాకైతే ఉక్క మాత్రమే ఉంది.

నమోదు 5
సముద్రం: లేస్తోంది. నీళ్ళు: సగం కంటే తక్కువ. మంచినీటి మర విప్పదీశారట. తుపాను వస్తుండగా విప్పదీయడం ఎవరి తెలివో.

ఇవాళ పొద్దున్న నర్సమ్మ పొట్లం తెరిచి కెజియా, "బిళ్ళ నిన్నటికంటే పెద్దదిగా లేదూ?" అంది.

ఉంది. సాయంత్రం పట్టీ చదివిన నాడి ఎక్కువగా ఉంది కాబట్టి అచ్చుమర మోతాదు పెంచింది. మరకి అంతకన్నా తెలియదు. నూరి ఇచ్చారు. అరగంటలో నర్సమ్మ మళ్ళీ మాయమైంది. మంచంలోనే ఉంది, మనిషే లేదు.

చెయ్యి చాచి మణికట్టు పట్టుకున్నాను. గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టాను. మరీ నిదానం. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నేను రెండు సార్లు భయపడేంత వ్యవధి. సాయంత్రం మళ్ళీ పట్టుకున్నాను. పరిగెడుతోంది. వేళ్ళ కింద లేడిపిల్లలా ఎగురుతోంది. ఒకే మనిషి, ఒకే మంచం, పొద్దుటికీ సందెకీ ఇద్దరు వేరు వేరు రోగులు.

దమయంతిని పిలిచి చెప్పాను. చేతులు తుడుచుకుంటూ గొట్టం దగ్గరికి వెళ్ళింది. రెండు వైపులా మాటలు నాకు వినపడ్డాయి.

"ఆరో మంచం అప్పలనర్సమ్మకి మందు ఎక్కువైపోతోందండీ. తగ్గించండి."

"ఎక్కువెలా అవుతుంది సిస్టర్? సాయంత్రం రీడింగు చూశాను, రోజురోజుకీ పైకి పోతోంది. మందు చాలడం లేదు," అంది కింది గొంతు. "మాత్ర సరిగ్గానే ఇస్తున్నారా?"

అంతే. దమయంతి మొహం కందగడ్డ అయింది.

"సరిగ్గా ఇవ్వడం మాకు మీరు నేర్పుతారా? కింద కూర్చుని మీటలు నొక్కే మీకేం తెలుసండీ, మంచం దగ్గర పని?"

"నేనన్నది అది కాదు..."

"మీరన్నది నాకు వినపడింది లెండి!" గొట్టానికి మూత పెట్టేసింది.

నేను కూడా ఆ వేళకి దమయంతి వైపే. 'సరిగ్గా ఇస్తున్నారా' అని నర్సుని అడగడం, వంటామెని అన్నంలో రాళ్ళు కలుపుతున్నావా అని అడిగినట్టే. ఆయన మామూలుగానే అడిగాడేమో. మాకు మాత్రం కిటికీలో ఊగే ఆ చెయ్యే కనపడింది.

డాక్టరుని అడుగుదామంటే ఆయన ఉండేది తీరం అవతల కొండల మీది పెద్దాసుపత్రిలో. తెర మీద కనిపించి మాట్లాడతాడు. తెరలో ఇవాళ చీమలు పాకుతున్నాయి. తుపాను.

నమోదు 6
సముద్రం: చెప్పనక్కర్లేదు, మంచాలు జరుగుతున్నాయి. నీళ్ళు: గొంతు తడికి.

నర్సమ్మ ఇవాళ పొద్దుటి అంబలి తరవాత పిలిస్తే పలకలేదు. చెంప మీద తట్టినా పలకలేదు. చెమట, చల్లటి చేతులు. కాళ్ళ కింద దిళ్ళు పెట్టి ఎత్తారు. కెజియా పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. తెర పూర్తిగా నల్లబడింది. డాక్టరు లేడు. చాలాసేపటికి నర్సమ్మ కళ్ళు తెరిచింది.

"ఏమైంది నర్సమ్మా?" అన్నాను.

"ఏటవుద్ది. రోజూ అయ్యేదే. పొద్దున్న బిళ్ళ ఏసాక మునిగిపోతన్నాను. సందేళకి తేలతన్నాను. వల రాయి కట్టి ఇసిరినట్టు. ఈపాలి మునిగినప్పుడు అడుగు తగిలిందమ్మా." నా వైపు తిరిగి, "నాను పోతే నా పడవ నువ్వుంచుకో. నిచ్చెన కన్నా నయం," అంది.

నవ్వలేకపోయాను. నవ్వలేదని ఆవిడ నొచ్చుకుంది కూడా.

పొద్దున్న మునగడం, సందేళకి తేలడం. నేను పడుకున్న చోటు నుంచి రోజంతా కనపడేది అదే. నర్సులకి పొద్దుటి మనిషి కనపడుతోంది. కింది మరకి సందేళ మనిషి కనపడుతోంది. మందు చాలడం లేదని మర పెంచుతోంది, ఎక్కువైందని నర్సులు మొత్తుకుంటున్నారు. ఇద్దరూ చెప్పేది నిజమే. రెండు నిజాల మధ్య నర్సమ్మ పోతోంది. ఎందుకిలా జరుగుతోందో నాకూ తెలియలేదు. సాయంత్రం పట్టీ మళ్ళీ చదివింది. నాడి మళ్ళీ ఎక్కువ.

రేపు బిళ్ళ ఇంకా పెద్దదవుతుంది.

నమోదు 7
సముద్రం, నీళ్ళు: నిన్నటిలాగే. మంచం ఊగుతోంది, అక్షరాలు బాగా లేకపోతే అదే కారణం.

గంట మోగింది. బుట్ట వచ్చింది. కెజియా నర్సమ్మ పొట్లం తెరిచింది. దాని ఏడుపు మొహం చూస్తే బిళ్ళ సైజు అడగక్కర్లేదు.

"ఇవ్వకుండా ఉంటే?" అంది.

"ఇవ్వకపోతే గుండె ఆగిపోతుంది, ఇస్తే మునిగిపోతుంది. ఏం చెయ్యమంటావే? రాసింది ఇవ్వాలి," అంది దమయంతి. గొంతు కటువుగా ఉంది గానీ కళ్ళు అలా లేవు.

కెజియా బిళ్ళని కల్వంలో వేసి పొత్రంతో ఒక దెబ్బ వేసింది. సరిగ్గా అప్పుడే తెప్ప ఒరిగింది. దెబ్బ పక్కకి పడి బిళ్ళ రెండుగా చీలింది. ఒక సగం ఎగిరి నా దుప్పటి మీద పడింది.

తీసి చూశాను. లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. పైన తెల్లటి పెంకు. దాని లోపల పసుపు పచ్చటి పొర. నడి మధ్యన ఎర్రటి గింజ. ఉడికిన గుడ్డు కోసినట్టు, పొరలో పొర.

"కెజియా, నూరకు! ఆపు!" అని అరిచాను. నా గొంతు స్కూలు రోజుల్లోది వచ్చింది. వార్డంతా ఆగిపోయింది.

"ఏమైందండీ?" అంది దమయంతి.

"రోజుకొక్క బిళ్ళ అంటే రోజంతా ఎలా పనిచేస్తుందో ఎప్పుడైనా అడిగారా? నేనూ అడగలేదు. ఇదిగో. తెల్లది పొద్దుటిది. పసుపు మధ్యాహ్నానిది. ఎర్రది రాత్రికి. ఒక్కో పొరా కరుగుతూ రావాలి. మనం నూరి మూడు పూటల మందు ఒక్క గుక్కలో పట్టిస్తున్నాం. అందుకే పొద్దున్న మునుగుతోంది. సందేళకి ఒంట్లో మందే ఉండడం లేదు, అందుకే గుండె పరిగెడుతోంది. అది చూసి మర పెంచుతోంది."

కెజియా తన అరచేతులు చూసుకుంది. ఆ చూపు నాకు ఇష్టం లేదు.

"అయితే తెల్లది చెక్కి ఇచ్చేద్దామండీ," అంది దమయంతి ముందుగా తేరుకుని.

"ఏ పొరలో ఎంత ఉందో నీకు తెలుసా? నాకు తెలియదు. తెలిసిన మనిషి కింద ఉన్నాడు."

దమయంతి గొట్టం మూత తీసింది. అందులోంచి గాలి ఊళ తప్ప ఇంకేం రాలేదు. 'గుణశేఖర్ గారూ' అని అరిచింది. ఆ పేరు దాని నోట రావడం అదే మొదటిసారి. ఊళే జవాబు.

మెట్ల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. మెట్ల కింద ఆయన గది ఇనుప తలుపుకి అవతల గొళ్ళెం, అది ఆయన వైపు నుంచే తీయాలి. తాళంకప్ప అని ఊరికే అన్నారా.

"చీటీ రాసి బుట్టలో పంపనా?" అంది కెజియా.

"ఏమని? 'మాత్ర సరిగ్గా ఇవ్వడం లేదు' అనా? చీటీ చదివి ఇంకో చీటీ పంపుతాడు. కల్వమే పంపు."

నిన్న నూరిన పొడి కల్వం అడుగున ఇంకా అంటుకునే ఉంది. తెలుపు, పసుపు, ఎరుపు కలిసిపోయి లేత గులాబీ రంగు. కెజియా నా చేతిలోని సగం బిళ్ళ కూడా అందులో వేసి, పొత్రంతో సహా బుట్టలో పెట్టి కిందికి వదిలింది. గిలక కిర్రుమంటూ దిగింది. నేను నర్సమ్మ మణికట్టు పట్టుకుని లెక్కపెడుతున్నాను. ఆవిడ నాడి కన్నా ఎక్కువ నాదే వినపడుతోంది.

గొళ్ళెం తీసిన చప్పుడు మాకు అంత త్వరగా వినపడుతుందని అనుకోలేదు.

మనిషి సన్నగా లేడు. బొద్దుగా, బట్టతలతో ఉన్నాడు. కళ్ళజోడు మాత్రం ఉంది. నిలువెల్లా తడిసిపోయి, కల్వాన్ని పసిబిడ్డలా గుండెకి అదుముకుని వచ్చాడు.

"ఎవరికి?" అన్నాడు. "ఇలా ఎవరికి ఇచ్చారు? ఎన్నాళ్ళనుంచి?"

"నీళ్ళ కోటా సగమైనప్పటినుంచి," అంది కెజియా. "నేనే నూరాను సార్. వేరే ఎవరూ కాదు."

"నూరకూడదమ్మా! నీళ్ళతో మింగించాలని శిక్షణలో చెప్పారు కదా!"

"నీళ్ళేవండీ?" అంది దమయంతి. చిన్నగా, అరవకుండా. అరిచి ఉంటే బాగుండేది.

ఆయన వార్డంతా ఒకసారి కలయజూశాడు. మంచాల పక్కన అడుగంటిన గ్లాసులు. మూతి పక్కన ఎండిన అంబలి. కింద ఆయనకి నీళ్ళ కోటా తగ్గిందని తెలుసు. అది ఇక్కడ గొంతుల్లో ఎలా ఉంటుందో తెలియదు.

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు. "మింగలేకపోతున్నారని తెలిస్తే చిన్నవి చేసేవాణ్ణి. నేను మోతాదు పెరిగిన కొద్దీ పొరలు మందం చేస్తూ పోయాను."

"మీరు అడగలేదు."

"అడిగాను సిస్టర్. సరిగ్గా ఇస్తున్నారా అని."

"అలాగేనా అడగడం?"

"మరెలా అడగాలో నాకు చెప్పండి," అన్నాడు ఆయన. నిజంగానే అడుగుతున్నాడు. దమయంతి దగ్గర ఎదురు ప్రశ్న లేకపోవడం నేను మొదటిసారి చూశాను.

ఈ గొడవకి నర్సమ్మ కళ్ళు విప్పింది. "ఎవులీ బాబు?"

"మందులు చేసే బాబు," అన్నాను.

"ఓలమ్మో. మందులు మనుసులు సేత్తారేటి? బుట్టలో కదా వత్తాయి."

గుణశేఖర్ ఆమె మంచం అంచున కూలబడ్డాడు. సముద్రం వల్ల అన్నాడు.

నమోదు 8
సముద్రం: కాస్త అలిసింది. నీళ్ళు: గొంతు తడికి.

నిన్న మధ్యాహ్నమంతా ఎదురుచూపే. ఆ రోజు బిళ్ళ ఇవ్వొద్దన్నాడు గుణశేఖర్. అంతవరకు చెప్పగలడు. కొత్త మోతాదు రాయడం ఆయన పని కాదు, డాక్టరు పని. డాక్టరు తుపాను అవతల ఉన్నాడు. మందు లేకుండా సందేళకి ఆవిడ గుండె ఎంత పరిగెడుతుందో ఎవరికీ తెలియదు. ఆయన ఒక పక్క స్టూలు మీద, నేను ఒక పక్క మంచంలో, చెరో చెయ్యి పట్టుకుని కూర్చున్నాం. ఆవిడ మాత్రం, "రెండు సేతులూ పట్టీసుకుంటే ఈగ వాల్తే ఏటి సెయ్యాల?" అని అడిగింది.

ఓడల రేడియో దగ్గరికి కెజియాని పంపాం. పొద్దు వాలుతుండగా పరిగెత్తుకుంటూ వచ్చింది. డాక్టరు గొంతు ముక్కలు ముక్కలుగా దొరికిందట. చేరినప్పటి మొదటి మోతాదే ఇవ్వమన్నాడు. మూడు భాగాలు చేసి, మూడు పూటలా, చిన్న బిళ్ళలుగా. మూడుసార్లు చెప్పించుకుని, తిరిగి అప్పజెప్పి వచ్చింది. ఆ పద్ధతి నేను నేర్పిందే. రాసుకుంటున్నాను కానీ దానికి చెప్పను.

గుణశేఖర్ కిందికి పరిగెత్తాడు. పావుగంటకి ఉత్తి చేతులతో మళ్ళీ పైకి వచ్చాడు.

"మర ఒప్పుకోవడం లేదు. మనిషికి రోజుకి ఒక్క బిళ్ళే చేస్తుంది. రెండోది అడిగితే తలుపు మూసుకుంటోంది."

అప్పటికే నర్సమ్మ మొహం ఎర్రబడుతోంది. నా వేళ్ళ కింద నాడి పరుగు అందుకుంటోంది.

"మనిషికి ఒక్కటే కదండీ?" అంది దమయంతి మెల్లిగా. "అయితే మనుషుల్ని పెంచండి."

ఆయన దాని వైపు చూశాడు. తరవాత ఇద్దరూ ఒకేసారి మెట్లు దిగారు. కింద ఏం జరిగిందో కెజియా చెప్పింది. పాత పేరు కొట్టేసి, అప్పలనర్సమ్మ (పొద్దుట), అప్పలనర్సమ్మ (మధ్యాహ్నం), అప్పలనర్సమ్మ (సందేళ) అని ముగ్గురు కొత్త రోగుల్ని చేర్చారట. పేర్లు దమయంతి చెబుతుంటే ఆయన మీటలు నొక్కాడట. మర ఏమీ అనుమానపడలేదు. దానికి మంచాలు కనపడవు కదా.

సందేళ నర్సమ్మ బిళ్ళ కందిగింజంత ఉంది. నా వాటా నీళ్ళలో ఒక గుక్క ఆవిడకి ఇచ్చాను. నా త్యాగగుణం అనుకోకండి. ఆవిడ పోతే నా కథలు వినేవాళ్ళు ఎవరు?

నేను లెక్కపెడుతూనే ఉన్నాను. చాలాసేపు తేడా లేదు. ఆ తరవాత తేడా నా ఊహేమో అనుకున్నాను. ఆ తరవాత గుణశేఖర్ తన వైపు చెయ్యి వదిలి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు నమ్మాను.

నమోదు 9
సముద్రం: సిగ్గుపడి ఊరుకుంది. నీళ్ళు: సగం. మంచినీటి మర మళ్ళీ మొదలైంది.

ఇవాళ పొద్దున్న బిళ్ళ వేశాక నర్సమ్మ మంచం చుట్టూ అందరూ చేరారు. ఎవరి పనులు వాళ్ళు ఇక్కడే చేసుకుంటున్నట్టు నటిస్తున్నారు. ఒకతె ఒకే దుప్పటిని నాలుగోసారి మడతపెట్టింది. మునిగే వేళ వచ్చింది. దాటింది.

"ఏటలగ సూత్తన్నారు నన్ను? దెయ్యాన్నేటి?" అంది నర్సమ్మ.

కెజియా బయటికి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కోకుండానే వచ్చింది. కోటా తక్కువ కదా.

గుణశేఖర్ పొద్దుటి నుంచి మంచం మంచానికీ తిరిగి, 'మింగగలరా? ఎంత నీళ్ళతో? ఎవరైనా నూరి ఇస్తున్నారా?' అని అడుగుతున్నాడు. నూరి ఇస్తున్న మిగతా ఇద్దరివీ బలం మందులేనట, బతికిపోయాం. వెనకాల దమయంతి నడుస్తోంది.

"మీకు రోజుకి మూడు విడతలు పంచే పని పెట్టాను సిస్టర్," అన్నాడు.

"పెట్టారు లెండి. మా కాళ్ళు పోతే వాటికీ ఒక బిళ్ళ చేద్దురు గాని," అంది.

సరుకు ఓడ రేవులో నిలబడింది. కార్యదర్శి వచ్చాడు. అయితే నా కాగితం కోసం కాదు.

"మేడమ్, మీ మర పంపిన నీళ్ళ జాబితాలో ఏదో తప్పు. ఈ వార్డులో ముగ్గురు అప్పలనర్సమ్మలున్నారు. ముగ్గురికీ కోటా పోతోంది!"

"ఉన్నారు. ముగ్గురూ దాహంగల మనుషులే."

"నాకు ఒక్కరే కనపడుతున్నారు."

"మీరు రోజంతా ఇక్కడ ఉండరుగా బాబూ. ఉంటే ముగ్గురూ కనపడతారు."

నర్సమ్మ నిండు గ్లాసు ఎత్తి ఆయనకి చూపించి తాగింది. దమయంతి సంగతంతా విప్పి చెప్పేసరికి ఆయన మొహం నల్లబడింది. అప్పుడు గుర్తొచ్చింది కాగితం. చెయ్యి చాచాడు.

"నర్సులు ఏమన్నారు?"

"రాయండి మేడమ్," అంది దమయంతి. "ఆయనకి మాట్లాడే తీరు రాదు. కిందపడ్డ బిళ్ళని వెనక్కి పంపమని ఇంకా అడుగుతూనే ఉన్నాడు. కింద ఆయన మాకు అనవసరం."

కార్యదర్శి గుణశేఖర్ వైపు ఇబ్బందిగా చూశాడు. గుణశేఖర్ స్టూలు మీంచి లేవబోయాడు.

"పూర్తి కాలేదండీ, కూర్చోండి," అంది దమయంతి ఆయనతో. "కింద అనవసరం. ఇక్కడ కావాలి. ఆ స్టూలు ఇక్కడే ఉంటుంది. ఆయన ఓడ ఎక్కితే మూడు పూటలా మందులు పంచడానికి కమిటీ రావాలి."

రెండు గడుల కింద ఒక మూడో గడి గీశాను. గీత వంకర పోయింది. అందులో 'పైన' అని రాసి ఆయన చేతిలో పెట్టాను. ఇలా ఒప్పుకోరన్నాడు. ఒప్పుకోకపోతే ఖాళీగా ఉన్న మనిషిని ఇంకెవర్నైనా వెతుక్కోమన్నాను.

ఓడ వెళ్ళిపోయింది. గుణశేఖర్ స్టూలు ఇక్కడే ఉంది. దాని కాళ్ళు అరిగిపోయాయి, తెప్ప ఊగినప్పుడల్లా చప్పుడు చేస్తోంది. ప్రాణం తీసే చప్పుడు. నూనె వెయ్యమని రెండుసార్లు చెప్పాను.

నా వేళ్ళు నర్సమ్మ మణికట్టు మీదే ఉన్నాయి. నాడి మామూలుగానే కొట్టుకుంటోంది. అయినా తీయబుద్ధి కాలేదు.

"ఏటమ్మా," అంది ఆవిడ, "నా సెయ్యి నాకిచ్చీవా?"

"కాసేపాగు," అన్నాను. "మధ్యాహ్నం నర్సమ్మ వచ్చాక ఇస్తాను."